పొద్దున ఏడింటికి లేచే చేప

నేను సముద్రాన్ని మొదటిసారి చూసింది రిటైరైన తర్వాత. అప్పటికే పద్దెనిమిదేళ్ళు సముద్రపు నీళ్ళు తయారుచేసి ఉన్నాను. బందరు దగ్గర ఒడ్డున నిలబడి, సంచిలోంచి ఉప్పు కొలిచే హైడ్రోమీటరు తీసి, చెంబుతో నీళ్ళు ముంచి అందులో వేసి చూశాను. నా భార్య సుగుణ నేనెవరో తెలియనట్టు అటు తిరిగి నిలబడింది. సంగారెడ్డిలో నేను కలిపే నీటికీ ఆ నీటికీ తేడా మూడో దశాంశ స్థానంలో ఉంది. ఆ అంకె డైరీలో రాసుకుని, బట్టతో గొట్టం తుడిచి, సంచిలో పెట్టుకున్నాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసింది ఉద్యోగమే కాదన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. మందుల ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేరి, యజమాని చేపలకు ఊడిగం చేశానని అన్నారు. వెనకాల అన్నవాళ్ళు కొందరు, ఎదురుగా అన్నవాళ్ళు ఇంకొందరు. నేను ఏ రోజూ సంజాయిషీ ఇవ్వలేదు. ఇప్పుడూ ఇవ్వను.

ఈ మధ్య ఇళ్ళలో ఉప్పునీటి తొట్లు పెట్టి, నెలనెలా వెళ్ళి చూసుకునే పనిలోకి కొంతమంది కుర్రవాళ్ళు వస్తున్నారు. నా సంగతి ఎవరో చెబితే ఇంటికి వచ్చి అడుగుతుంటారు. ఏ ఉప్పు వాడాలి, ఏ పంపు మంచిది, దీపం ఎన్ని వాట్లు ఉండాలి అని. అవి డబ్బా మీద రాసే ఉంటాయి. డబ్బా మీద లేనివి ఇక్కడ రాస్తున్నాను. నా ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు ఇందులో ఉండవు. వాటి వల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

ఉప్పు తీసే పని, ఉప్పు కలిపే పని

ఎనభైల మధ్యలో పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో నీళ్ళ సెక్షన్‌లో చేరాను. బోరు నీటిలోని లవణాలన్నీ తీసేసి, మందుల తయారీకి పనికొచ్చేలా చెయ్యడం మా పని. కొన్నేళ్ళకు మా ఎండీ గారు ఫ్యాక్టరీ ఆవరణలోనే ఒక బంగ్లా కట్టించుకున్నారు. ఇల్లు సిటీలో ఉన్నా వారంలో మూడు నాలుగు రాత్రులు అక్కడే ఉండేవారు. సింగపూర్ వెళ్ళినప్పుడు ఎవరి ఇంట్లోనో ఉప్పునీటి ఆక్వేరియం చూసి వచ్చారు. నెల తిరక్కుండా బంగ్లా హాల్లో ఆరడుగుల గాజుతొట్టి వెలిసింది. నీళ్ళ సంగతి కాబట్టి నీళ్ళ సెక్షన్ చూసుకోవాలన్నారు. సెక్షన్‌లో అందరికంటే శ్రద్ధగా రాతకోతలు చేసేవాణ్ణి నేను కాబట్టి నా పేరు చెప్పారు.

అప్పట్లో సముద్రపు ఉప్పు మిశ్రమం విదేశాల నుంచి రావాలి. వచ్చేదాకా చేపలు ఆగవు. అందుకని ల్యాబులో ఉన్నవాటితోనే మొదలుపెట్టాను. మామూలు ఉప్పు, మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు, కాస్త వంటసోడా. ఒక్కొక్కటీ తూచి, మా ప్లాంటు నీటిలో కలిపి, ఒక రోజంతా గాలి పంపు నడిపించి, అప్పుడు కొలిచేవాణ్ణి. పగలు నీటిలోంచి ఉప్పు తీయడం, సాయంత్రం అదే నీటిలో ఉప్పు కలపడం. తోటివాళ్ళు నవ్వేవారు. నవ్వనీ. మొదటి రెండు నెలల్లో పద్నాలుగు చేపలు చచ్చిపోయాయి, మూడో నెలలో ఒక్కటీ చావలేదు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. తొట్టిలో నీళ్ళు తగ్గినప్పుడు బోరు నీళ్ళు పోసి సరిపెట్టకండి. ఇంటి యజమాని పోయమంటే కుదరదని చెప్పండి. ఇన్ని ఫ్యాక్టరీలున్న ఈ ప్రాంతంలో బోరు నీళ్ళలో ఏం కలుస్తుందో నేను విప్పి చెప్పనక్కర్లేదు.

నేను చంపిన చేప

తొట్టి పని పట్టుబడ్డాక సంగారెడ్డిలో మా రెండు గదుల ఇంట్లోనూ ఒక చిన్న ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నాను. మద్రాసు వ్యాపారి బంగ్లాకు పంపిన చేపల్లో ఒకటి ఎక్కువగా వస్తే అది నాకిచ్చారు. వేలెడు పొడవు, లేతాకుపచ్చ ఒళ్ళు, దాని మీద గులాబీ రంగు చారలు. రాస్ అంటారని వ్యాపారి చీటీలో రాసి పంపాడు. అంతకుమించి ఒక్క ముక్క రాయలేదు.

తొట్టిలో వదలగానే తలకిందులుగా ఇసుకలోకి దూరిపోయింది. మర్నాడు రాలేదు. మూడో రోజూ రాలేదు. చచ్చిపోయి నీళ్ళు పాడవుతాయని భయపడి, వంటింటి గరిటె తీసుకుని ఇసుక తవ్వాను. మూడో పోటుకు గరిటె అంచుకు మెత్తగా ఏదో తగిలింది. చేప పైకి వచ్చింది, నడుం దగ్గర తెగి. అది అప్పటిదాకా బతికే ఉంది. నా కళ్ళ ముందు రెండు నిమిషాలు ఈదింది.

సుగుణ పక్కనే ఉంది. “పండుకున్నదాన్ని లేపి సంపినవు” అంది. అంతే, మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు డైరీలో చేప చనిపోయింది అని రాయబోయి, కొట్టేసి, నేను చంపాను అని రాశాను.

రాస్ చేపలు ఇసుకలో పడుకుంటాయి. కొత్త చోటికి వస్తే రోజుల తరబడి అందులోనే ఉండిపోతాయి. వాటికి మెత్తటి ఇసుక బెత్తెడు లోతు ఉండాలి. ముతక ఇసుక పోస్తే ఒళ్ళు గీసుకుపోతుంది. ఇవి ఎగురుతాయి కూడా. మూతకు రెండు వేళ్ళ సందు ఉన్నా అందులోంచి బయటపడి నేల మీద ఎండిపోతాయి. ఈ నాలుగు ముక్కలు ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ చేప బతికేది. మీకు చెప్పడానికి నేనున్నాను. కాబట్టి మీరు తవ్వితే మాత్రం క్షమించను.

బంగ్లాలో పదకొండు రోజులు

తొంభైల మధ్యలో ఎండీ గారు అలాంటి చేపే బంగ్లాకు కూడా కావాలన్నారు. ఈసారి నాకు తెలుసు కాబట్టి అన్నీ సిద్ధం చేశాను. మెత్తటి ఇసుక పోశాను. మూత కొత్తగా కోయించాను. తొట్టికి ఒక నోటీసు అంటించాను: మూత తీయరాదు, మేత ఎవరూ వేయరాదు. కింద నా సంతకం.

చేప ఒక సాయంత్రం మద్రాసు నుంచి థర్మాకోల్ పెట్టెలో వచ్చింది. వదిలీ వదలగానే ఇసుకలోకి పోయింది. నేను నవ్వుకున్నాను. ఆరు రోజులదాకా చూడొచ్చని డైరీలో రాసుకున్నాను.

నా డ్యూటీ జనరల్ షిఫ్టు. సాయంత్రం ఐదున్నరకు అయిపోయాక బంగ్లాకు వెళ్ళి, నీళ్ళు పరీక్షించి, మేత వేసి, అంకెలు రాసుకుని ఆరున్నర బస్సుకు ఇంటికి పోయేవాణ్ణి. ఎండీ గారు రాత్రి ఎనిమిదింటికి వచ్చి, దీపం వేసి, అతిథులకు తొట్టి చూపించేవారు. పగలు బంగ్లా తాళం వేసే ఉంటుంది. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా ఊడ్చి తుడవడానికి బాలమణి ఒక్కతే వచ్చేది.

బాలమణిది కర్దనూర్. ఆరేళ్ళుగా ఫ్యాక్టరీలో క్యాజువల్ లేబర్‌గా చేస్తోంది. ఆ నెలలో ఆమెను పర్మినెంటు చేసే ఫైలు కదులుతోంది. ఆ సంగతి అందరికీ తెలుసు. ఆమెతో పాటు చేరిన పదిమందిలో మిగిలింది ఆమె ఒక్కతే. ఆ కాగితం మీద సంతకం పడితే ఇక రేపటి నుంచి రావద్దు అనే మాట ఆమెను ఎవరూ అనలేరు. పడకపోతే ఏ రోజైనా అనొచ్చు.

ఆరు రోజులు గడిచాయి. నా డైరీలో ప్రతి సాయంత్రం ఒకే మాట: కనబడలేదు. ఎనిమిదో రోజు మరో మాట చేరింది: మూత జానెడు తెరిచి ఉంది. అదీ రాశాను. చూసింది రాయడం నా అలవాటు. దాన్ని ఎవరు ఎలా చదువుతారో ఆలోచించడం నా అలవాటు కాదు. ఆ రెండోది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

పదకొండో రోజు ప్రసాదరావు గారు పిలిచారు. ఆయన అడ్మినిస్ట్రేషన్ మేనేజరు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. చెడ్డవాడు కాదు. సుగుణకు ఆపరేషన్ అయినప్పుడు ఆఫీసు కారు పంపినవాడు. కానీ ఆయనకు కాగితం మీద ఉన్నదే లోకం. మా ఫ్యాక్టరీలో ప్రతి ల్యాబు గోడ మీదా ఒక బోర్డు ఉండేది, రాయనిది జరగనట్టే అని. మందుల తయారీలో అది అవసరమైన నియమమే. ఆ బోర్డుకు ప్రాణం వస్తే ప్రసాదరావు గారిలాగే ఉంటుంది.

నా డైరీ ఆయన బల్ల మీద ఉంది. బంగ్లాలోని అలమారలోంచి తెప్పించారు.

“మూత తెరిచి ఉందని రాసింది మీరేనా?”

నేనేనన్నాను.

“చేప కనబడలేదని రోజూ రాసింది?”

అదీ నేనేనన్నాను.

“మరి నేను కొత్తగా ఏం రాయమంటున్నానండీ? ఆ రెండూ కలిపి ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమంటున్నాను. ఆ మనిషి మూత వదిలేసింది, చేప ఎగిరి కింద పడింది, ఊడ్చి పారేసింది. ఎండీ గారు అడుగుతున్నారు. నేనేదో ఒకటి చెప్పాలిగా.”

“రెండూ నిజమే సార్. కలిపితే మాత్రం అబద్ధం అవుతుంది.”

అయితే ఇసుక తవ్వి చూడమన్నారు. తవ్వనన్నాను. ఎందుకని అడిగితే ఇంట్లో గరిటె సంగతి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“మీ ఇంట్లో మీరు చంపుకున్న చేపకు ఇక్కడ మేమెందుకండీ మైల పట్టడం?”

ఆ మాటకు పక్కన టైపు చేస్తున్న మనిషి నవ్వాడు. మర్నాడు, శనివారం సాయంత్రం లోపు కాగితం ఇవ్వాలని, ఇవ్వకపోతే డైరీనే ఫైలులో పెడతానని చెప్పి పంపించారు.

బాలమణి చెప్పింది

ఆ సాయంత్రం గేటు బయట, కర్దనూర్ ఆటోలు ఆగే చోట బాలమణి నా కోసం నిలబడి ఉంది. ఆమె డ్యూటీ నాలుగింటికే అయిపోతుంది. రెండు గంటలు అక్కడే ఉందన్నమాట.

“సారూ, నీ బుక్కుల నా పేరు రాసినవంట గద.”

“నీ పేరు రాయలే బాలమణి. మూత తెరిచున్నదని రాసిన.”

“గా అర్రల నేను గాక ఇంకెవలు తిరుగుతరు? రాసినట్టే గద.”

నేను సంచి కింద పెట్టాను.

“చేప సచ్చింది, నేను పారేసిన అంటున్నరు. ఇయ్యాల పొద్దుగాల గూడ జూసిన. అద్దం కాడికొచ్చి నిలవడ్డది.”

ఇవాళేనా అని అడిగాను.

“ఇయ్యాల, నిన్న, మొన్న. నువ్వు మాపటికొస్తవు, అప్పటికది పండుకుంటది. పెద్ద సారు ఇంకా చీకటి పడ్డంక వస్తడు. పొద్దుగాల ఏడింటికి రా, సూపిస్త.”

మరి ప్రసాదరావు సారుకు చెప్పలేదా అన్నాను.

“చెప్పిన. ఏడ రాసున్నదన్నడు. నాకు రాయొస్తే ఊడుసుడెందుకు సారు, నీ నౌకరీయే జేస్తుంటి.”

ఆటో వచ్చింది. ఆమె ఎక్కలేదు. కొంగు సర్దుకుని, గొంతు తగ్గించింది.

“ఇంకోటున్నది. కోపం జెయ్యొద్దు. అది బక్కగయ్యింది సారు. కడుపు ఈపుకంటుకున్నది. నువ్వేసే మేత మాపటికేనాయె, గా నల్ల చేపలే తింటున్నయి. ఎండు రొయ్యలు నలిపి చిటికెడు ఏసిన. మూత గందుకే తీసిన. ఒకనాడు ఫోను మోగితే ఉరికిన, మూసుడు మరిసిన. ఇగ నీ ఇష్టం.”

మేత వేయరాదని నోటీసు అంటించింది నేను. ఆమెకు చదవడం రాకపోయినా, అంటించిన రోజు నేనే చదివి వినిపించాను. అందుకే నింద మీద పడేదాకా ఆమె నోరు నొక్కుకుంది. చేప బతికే ఉందని గట్టిగా చెబితే, ఎట్లా బతికింది అని అడుగుతారు.

ప్రసాదరావు గారి బల్ల మీది నుంచి డైరీ రాలేదు గానీ, నా అలవాటు ప్రకారం అంకెలన్నీ ఇంట్లో ఇంకో నోటుబుక్కులోకి ఎక్కించి ఉంచుతాను. ఇంటికి పోయి తీశాను. నాలుగో రోజు నుంచి నీటిలో అమోనియా కొద్దికొద్దిగా పెరిగింది. పక్కన నా చేతిరాతే: కారణం తెలియదు. ఎండు రొయ్యలు మొదలుపెట్టింది ఎప్పుడని ఆటో ఎక్కేముందు అడిగాను. శుక్రవారం అంగడిలో కొన్నానంది. శుక్రవారం నాలుగో రోజు. మేత ఎక్కువైతే అమోనియా పెరుగుతుంది.

జవాబు నా డైరీలోనే ఉంది. చూసిన ఒకే ఒక్క మనిషిని నేను అడగలేదు. ఆమె చీపురు, నా హైడ్రోమీటరు ఒకే తొట్టి పక్కన ఏళ్ళ తరబడి ఉన్నాయి. నీకేమైనా కనబడిందా అని ఒక్కసారి అడగడానికి నాకు తోచలేదు. ఈ తప్పుకు మర్యాదైన పేరు ఏదీ లేదు. ఆమె మాటకు నా దగ్గర కాలమ్ లేదు, అంతే.

ఏడు గంటలకు

మర్నాడు మొదటి షిఫ్టువాళ్ళ బస్సులో వెళ్ళాను. హాలుకు తూర్పు వైపు కిటికీ. ఎండ ఇంకా తొట్టి మీదికి రాలేదు. బాలమణి నన్ను పక్కకు నిలబడమంది. గోడకు ఆనుకున్నాను. ఏడు కావడానికి మూడు నిమిషాలుందనగా ఇసుకలో ఒకచోట గింజలు కదిలాయి. ముందు ముక్కు, తర్వాత కన్ను. కాసేపు అట్లాగే ఉండి లోకాన్ని చూసుకుంది. తర్వాత ఒక్కసారి ఒళ్ళు విదిలించుకుని పైకి వచ్చింది. పచ్చటి ఒళ్ళు, గులాబీ చారలు, కడుపు నిండుగా. తొట్టి అంతా ఒక చుట్టు చుట్టి, బాలమణి నిలబడ్డ వైపు అద్దం దగ్గర ఆగింది. నా వైపు రాలేదు. ఎందుకొస్తుంది?

దాని లెక్క తేలికే. సముద్రంలో సూర్యుడితో లేచి, సూర్యుడు వాలకముందే ఇసుకలోకి పోయే చేప అది. బంగ్లాలో కూడా కిటికీని నమ్ముకుంది. రాత్రి ఎనిమిదింటికి ఎండీ గారు వేసే దీపాన్ని పట్టించుకోలేదు. యజమాని ఎవరో దానికి తెలియదు.

ఆ రోజే, శనివారం, ఎండీ గారి గదికి నన్నూ ప్రసాదరావు గారినీ పిలిచారు. ఉన్నదంతా చెప్పాను, ఎండు రొయ్యలతో సహా. దాచి ఆమెను కాపాడదామని ఒక క్షణం అనిపించింది. కానీ అమోనియా అంకెలకు జవాబు కావాలి. సగం చెబితే రేపు ఆ సగమే మళ్ళీ ఆమె మెడకు చుట్టుకుంటుంది.

ఎండీ గారు తేలిగ్గా తీసుకున్నారు. చేప దొరికింది కదా, గొడవ దేనికి అన్నారు. “ఆ మూత పేజీ చించెయ్యండి. ఆమె ఎప్పటిలాగే పని చేసుకుంటుంది.”

ఎప్పటిలాగే అంటే క్యాజువల్‌గా. పర్మినెంటు ఫైలు సంగతి అడిగాను. జవాబు ప్రసాదరావు గారు చెప్పారు. “నోటీసు ఉల్లంఘించిందని మీరే అంటున్నారు. అలాంటి మనిషిని పర్మినెంటు ఎలా చేస్తామండీ?”

“నోటీసు రాసింది నేను సార్. అది తప్పు నోటీసు. ఆమె దాని ప్రకారం నడుచుకుంటే చేప ఆకలితో చచ్చేది. సంజాయిషీ అడిగితే నన్ను అడగండి. పేజీ మాత్రం చించను. తప్పు రాత మీద ఒక గీత కొట్టి, కింద కారణం రాసి, సంతకం పెట్టమని మన ల్యాబు నియమం. కింద రాస్తాను. పై రాతా ఉండాలి, కింద రాసిందీ ఉండాలి.”

ఆ తర్వాత ఎండీ గారిని అడిగాను, రేపు పొద్దున ఏడింటికి హాల్లోకి రమ్మని.

“ఆదివారం ఏడింటికా? చేప కోసమా?”

“రాకపోతే రాకండి సార్. అప్పుడు ఆమె అబద్ధం చెప్పిందనడానికి కూడా మీకు వీల్లేదు.”

ప్రసాదరావు గారు కుర్చీలోంచి లేచారు. నేను లేవలేదు. లేస్తే వెళ్ళిపొమ్మంటారని తెలుసు. నా జీవితంలో అంత పెద్దవాళ్ళ ముందు అంతసేపు కూర్చున్నది అదొక్కసారే. చివరికి ఎండీ గారే లేచి వెళ్ళిపోయారు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

ఆదివారం బాలమణికి సెలవు. అయినా కర్దనూర్ నుంచి నడిచి వచ్చింది. ఏడుకు ఐదు నిమిషాలుందనగా ఎండీ గారు లుంగీతో, చేతిలో కాఫీ కప్పుతో హాల్లోకి వచ్చారు. ఇసుక కదిలింది. ముక్కు, కన్ను, విదిలింపు. చుట్టు చుట్టి, తిన్నగా బాలమణి దగ్గరికి వెళ్ళింది. ఎండీ గారు తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. చేప కదల్లేదు.

“నా దగ్గరికి రాదా ఇది?”

“మీరు పిలిసే యాల్లకు అది పండుకునుంటది సారు,” అంది బాలమణి.

కాఫీ చల్లారేదాకా ఆయన అక్కడే నిలబడ్డారు. ఆమెను ఉద్దేశించి ఒక మాట అంటారని నేను ఎదురుచూశాను. అనలేదు. కానీ ఆ నెలాఖరులోపు ఫైలు మీద సంతకం పడింది. బాలమణి, హెల్పర్, పర్మినెంటు. ఆమెకు ఆ కాగితం నేనే చదివి వినిపించాను. రెండోసారి చదవమంది. చదివాను.

వాళ్ళు శిక్ష అన్నది

నాకు దక్కింది వేరు. పై నెల నుంచి జనరల్ షిఫ్టు తీసేసి రొటేషన్ షిఫ్టుల్లో వేశారు. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. యాభైకి దగ్గరపడుతున్న మనిషికి అది శిక్షే అని అందరికీ తెలుసు. ప్రసాదరావు గారిని క్షమాపణ అడిగితే మారుస్తారని ముగ్గురు వచ్చి చెప్పారు. అడగలేదు. తొట్టి పని మాత్రం నా దగ్గర్నుంచి ఎవరూ తీసుకోలేదు. తీసుకుంటే ఎవరికి చేతనవుతుంది?

ఆ రొటేషన్ వల్ల నేను తొట్టిని అన్ని వేళల్లో చూశాను. ఏ చేప ఎప్పుడు లేస్తుందో, ఏది ఎప్పుడు దేన్ని తరుముతుందో, మధ్యాహ్నం రాళ్ళ సందుల్లో రాస్ ఏమి ఏరుకుని తింటుందో, ఏ కాలంలో ఎన్ని నిమిషాలు ముందుగా పడుకుంటుందో అన్నీ రాశాను. రిటైరయ్యేలోగా పటాన్‌చెరు చుట్టుపక్కల ఏడు ఇళ్ళలో తొట్లు పెట్టించి చూసుకున్నాను. ఆ పనికి కావలసిన తెలివంతా ఆ షిఫ్టుల్లోనే వచ్చింది.

మీకు చెప్పాల్సినవి ఇంకో నాలుగు ఉన్నాయి. వేరే చేపల ఒంటిని శుభ్రం చేసే చిన్న నీలి రాస్‌ను ఇంటి తొట్టికి తేకండి. అది ఆకలితో చస్తుంది. అందంగా ఉందని గృహస్థు అడిగినా తేకండి, అతనికి కోపం వస్తే రానివ్వండి. రోగం వచ్చిందని రాగి మందు అన్నీ ఉన్న పెద్ద తొట్టిలో పొయ్యకండి, చేపను వేరే చిన్న తొట్టిలోకి తీసి పొయ్యండి. దీపం ఎప్పుడు వేస్తారని యజమానిని అడక్కండి, కిటికీ ఎటు ఉందో చూడండి. చేప కనబడకపోతే ముందు ఆ గది ఊడ్చే మనిషిని అడగండి. ఆమెకు కుర్చీ వేసి అడగండి. ఇది మంచితనం గురించి చెప్పడం లేదు, పని గురించి చెబుతున్నాను.

బంగ్లా తొట్టి లాగ్‌బుక్కులో ఆ ఆదివారం నుంచి ఒక కొత్త కాలమ్ గీశాను. పైన బాలమణి అని రాశాను. కంపెనీ పుస్తకంలో ఊడ్చే మనిషికి కాలమ్ ఏమిటని ప్రసాదరావు గారు అడిగారు. రాయనిది జరగనట్టే కదా సార్, అందుకే రాయిస్తున్నాను అన్నాను. ఆయన పుస్తకం మూసి ఇచ్చేశారు.

రాయడం ఆమెకు రాదు కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నాం. చేప కనబడితే నిలువు గీత, కనబడకపోతే సున్నా. మేత వేస్తే గీత పక్కన చుక్క. ఆరేళ్ళు గీతలు పడ్డాయి. సెలవు రోజుల్లో తప్ప ఒక్క గడి ఖాళీ లేదు. ఆ గీతలు నా అంకెల కంటే తిన్నగా ఉండేవి.

ఆరో ఏడు చలికాలంలో ఒక పొద్దున మొదటి సున్నా పడింది. చేప ముసలిదైంది, చచ్చిపోయి ఉంటుంది, కొత్తది తెప్పించమని ఎండీ గారు చెప్పి పంపారు. ఇంకా తెలియదని రాసి పంపాను. రెండో సున్నా, మూడో సున్నా. ఆరో సున్నా నాటికి ఆఫీసు నుంచి మళ్ళీ ఫోను వచ్చింది. ఏదో ఒకటి రాసి ఆ పద్దు మూసెయ్యమన్నారు. ముయ్యలేదు. రోజూ పొద్దున బాలమణి తొట్టి ముందు నిలబడి, ఏడు దాటేదాకా చూసి, నెమ్మదిగా సున్నా చుట్టేది.

పదకొండు సున్నాలు పడ్డాయి. పన్నెండో రోజు పొద్దున ఆమె పెన్ను నా చేతికి ఇచ్చి, “ఇగ రాయి సారు” అంది.

అప్పుడు రాశాను: చేప చనిపోయింది.